మా సిగ్గే మీ పెట్టుబడి: తెలుగు కథల యాప్‌ల కంపెనీలకు బహిరంగ లేఖ

తెలుగులో కథల యాప్‌లు, ఆడియో సిరీస్‌లు, ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే రెండు నిమిషాల సీరియళ్లు నడుపుతున్న కంపెనీల వారికి, వాటికి ప్రకటనలు తయారుచేసే ఏజెన్సీల వారికి,

నమస్కారం.

నాది కడప జిల్లా. మైదుకూరుకు, ప్రొద్దుటూరుకు నడుమ ఒక పల్లెలో డ్వాక్రా సంఘాలకు యానిమేటర్‌గా పనిచేస్తున్నాను. పొదుపు వసూలు చేయడం, పుస్తకాలు రాయడం, లోన్ల కోసం బ్యాంకు చుట్టూ తిరగడం, ఎవరి కిస్తీ ఎందుకు ఆగిందో కనుక్కోవడం నా పని. కాబట్టి మా ఊరి ఆడవాళ్ల చేతికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో నాకు బాగానే తెలుసు. చీటీలు, బంగారం తాకట్టు, పిల్లల ఫీజులు, మగవాళ్ల తాగుడు, ఇవన్నీ పాత దారులు. ఈ మధ్య కొత్తగా ఇంకో దారి పడింది, అది మీరు వేసింది. దాని గురించి మా ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. అందుకే నేను పదిమందిలో రాస్తున్నాను.

ముందు మీ ప్రకటన ఎట్లా ఉంటుందో చెప్తాను, మీకు తెలియక కాదు, ఈ లేఖ చదివే మిగతావాళ్లకు తెలియాలి కదా. రాత్రి పనులన్నీ అయ్యి, పిల్లలు పడుకున్నాక ఒకామె ఫేస్‌బుక్ తెరుస్తుంది. నాలుగు వంటల వీడియోలు, రెండు బ్లౌజు డిజైన్లు దాటాక మీ వీడియో వస్తుంది. పెళ్లి చీరలో ఉన్న అమ్మాయిని ఒకడు చెయ్యి పట్టి గదిలోకి ఈడ్చుకుపోతుంటాడు. ఆ పిల్ల వద్దంటూ ఏడుస్తుంటుంది. వాడు తలుపు గడియ పెట్టి, చొక్కా గుండీలు ఒక్కొక్కటీ విప్పుతూ దగ్గరికి వస్తాడు. సరిగ్గా అక్కడ తెర నల్లబడి, తియ్యటి ఆడగొంతు ఒకటి "ఆ రాత్రి ఏం జరిగింది? మిగతా కథ ఇప్పుడే వినండి" అంటుంది. కింద మూడు నాలుగు నక్షత్రాల రేటింగు, పక్కన రొమాన్స్ అని ఒక లేబులు. ఒకసారి వేలు అక్కడ ఆగిందంటే చాలు, మరుసటి రోజు అట్లాంటివే నాలుగు వస్తాయి. ఆమె లైక్ కొట్టాల్సిన పనిలేదు, షేర్ చేయాల్సిన పనిలేదు, ఎంతసేపు ఆగి చూసిందో ఫోన్‌కు తెలిస్తే సరిపోతుంది. పడుకునే వేళకు నోటిఫికేషన్ కూడా వస్తుంది, "నీకోసం అతను ఎదురుచూస్తున్నాడు" అని. భర్త కువైట్‌లో ఉన్న ఇంట్లో, రాత్రిపూట ఒంటరిగా ఉన్న మనిషి ఫోన్ మీద ఈ మాట వెలిగితే ఎట్లా ఉంటుందో రాసినవాళ్లకు బాగా తెలిసే రాసి ఉంటారు.

మా వైపు కువైట్ ఇళ్లు ఎక్కువ. మొగుడు అక్కడ, పెళ్లాం ఇక్కడ, రెండు మూడేళ్లకోసారి సెలవు. కొన్ని ఇళ్లలో ఆడమనిషే అక్కడికి పోయి ఇంటిపని చేస్తూ ఉంటుంది. ఆ ఒంటరితనం నిజం, దాని బాధా నిజం. ఆమెకు ఒక కథ వినాలని, అందులో కాస్త ప్రేమ, కాస్త కోరిక ఉండాలని అనిపించడం నాకు ఏమాత్రం తప్పుగా కనబడదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇట్లాంటి లేఖ ఎవరైనా రాస్తే మీ తరఫున మాట్లాడేవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: ఆడవాళ్లకు కోరికలు ఉండకూడదా, మగవాళ్లు చూస్తే లేని తప్పు మేము చూస్తే వచ్చిందా, ఇది పాతకాలపు బుద్ధి, అని.

ఆ మాటకు జవాబు మన తెలుగులోనే ఉంది. రాజంపేట పక్కన తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య అలమేలుమంగ విరహాన్ని, అలకను, సంతోషాన్ని ఎన్ని పాటలుగా రాశాడో లెక్కలేదు. తిరుమల కొండ మీద దొరికిన రాగిరేకుల్లో శృంగార సంకీర్తనలే ఎక్కువ. తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ఉన్న ముద్దుపళని 18వ శతాబ్దంలోనే, ఆడది అయ్యుండి, రాధ కోరికను రాధ నోటితోనే చెప్పించి 'రాధికా సాంత్వనము' రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని ఒక్క పద్యం వదలకుండా అచ్చు వేయిస్తే, అశ్లీలమని తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు గారు ఆ నిషేధం ఎత్తేసేదాకా అది బయటికి రాలేదు. ఆ కావ్యంలో రాధ అలిగితే కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. దేవుడంతటివాడు ఆమె మనసు కుదుటపడేదాకా ఆగుతాడు. మీ హీరో ఎక్కడ ఆగాడు? ఆ పిల్ల వద్దంటుంటే ఆగిన కథ మీ ప్రకటనల్లో ఒక్కటి చూపించండి.

మా అమ్మ కాలంలో ప్రొద్దుటూరులో అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలు రోజుకు ఇంత అని అద్దెకు తెచ్చుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్లు వస్తే కొంగు కింద పెట్టుకుని చదివేవాళ్లు. అప్పుడు కూడా నవలలు చదివే ఆడవాళ్లను జనం ఎగతాళి చేశారు, చెడిపోతారని అన్నారు. ఎవరూ చెడిపోలేదు. చదవడం అలవాటైంది, పక్కింటామెతో మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరికింది. ఆ నవల అద్దె ఎంతో ముందే తెలుసు, ఎన్ని పేజీలో తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందని తెలుసు. అదే నచ్చితే ఇంకోటి తెచ్చుకునేవాళ్లు, డబ్బుల్లేకపోతే మానుకునేవాళ్లు.

మీరు చేస్తున్నది ఆ దారిలో తర్వాతి మెట్టు అని మీరు చెప్పుకుంటారు. ఆడవాళ్లకు బూతు అమ్మాలనే ఆలోచన మీతో పుట్టింది కాదు, ఆ సంగతీ నాకు తెలుసు. అమెరికాలో 1973లోనే ఆడవాళ్ల కోసమని మగవాళ్ల నగ్న బొమ్మలతో పత్రిక పెట్టారు. అసలు గిరాకీ ఎంతుందో అందరికీ తెలిసింది 2011, 2012 ప్రాంతంలో. ఇంటర్నెట్‌లో ఊరికే రాసుకున్న ఒక కథను బ్రిటన్‌లో ఒకామె నవల చేస్తే, అది కొన్నేళ్లలో 10 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. అందులో కూడా డబ్బున్న మగవాడు, అనుభవం లేని పిల్ల, అదుపు, ఆజ్ఞ. ఈ-బుక్ రీడర్‌లో చదివితే అట్ట పక్కవాళ్లకు కనబడదు కాబట్టి బస్సుల్లో రైళ్లలో కూడా చదివారని అప్పట్లో పత్రికలు రాశాయి. కనబడకుండా అమ్మితే ఆడవాళ్లు కొంటారని వ్యాపారులకు అర్థమైంది అక్కడే. ఆ తర్వాత ఆడవాళ్ల చెవిలో మాత్రమే వినపడే ఆడియో కథలు, ఆడవాళ్లే తీసిన మంచి బూతు సినిమాలు అని రకరకాల పేర్లతో కంపెనీలు వచ్చాయి. స్వేచ్ఛ, ఆరోగ్యం, నీకోసం నువ్వు, అనే మాటలన్నీ దానికి అతికించారు. అక్కడి ఆడవాళ్లు దాని మీద వాదించుకున్నారు, కొందరు బాగుందన్నారు, కొందరు ఇది కూడా పాత సరుకేనన్నారు. ఆ వాదన వాళ్లకు తగిన వాదన. అక్కడ జీతం ఆమెది, కార్డు ఆమెది, గది ఆమెది.

మా దగ్గర అట్లా కాదు. ఇక్కడ పెళ్లయిన ఆడదానికి తన గదిలో వద్దనే హక్కే ఇంకా చట్టంలోకి పూర్తిగా రాలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 63వ సెక్షన్ కింద, భార్యకు 18 ఏళ్లు నిండి ఉంటే ఆమె ఇష్టం లేకుండా భర్త చేసినదాన్ని అత్యాచారం అనరు. పాత చట్టంలోని మినహాయింపును, భార్య వయసు మాత్రం మార్చి, కొత్తదాంట్లోనూ ఉంచారు. 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా హింసేనని ఉంది, మాకున్న ఆధారం చాలావరకు అదే. ఆ చట్టం గురించి మీటింగుల్లో చెప్పడానికి నేను పడే తంటా అంతా ఇంతా కాదు. పెళ్లయి ఏడాది తిరగని పిల్ల ఒకతె ఒంటిమీద కమిలిన మచ్చలు చూపించి, "ప్రేమ ఉంటే అట్లనే చేస్తారంట గదక్కా" అని నన్నే అడిగింది. ఎవరు చెప్పినారు పాపా అంటే, కథల్లో అట్లనే ఉంటుంది అన్నది. మొదట కొడతాడు, తర్వాత ఏడుస్తాడు, తర్వాత నెక్లెస్ తెస్తాడు, రెండొందల ఎపిసోడ్ల తర్వాత ఆమె లేకుండా బతకలేనంటాడు. ఆ పిల్ల రెండొందలో ఎపిసోడ్ కోసం చూస్తోంది, తన ఇంట్లో.

దీని మొత్తానికీ మీ కథలే కారణమని నేను అనను. మీరు పుట్టకముందు నుంచే మా ఇళ్లలో ఆ దెబ్బలున్నాయి. సినిమాల్లో కూడా ఇట్లాంటి హీరోలను చాలామందిని చూసినాం. కానీ సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. మీది రోజూ, చెవిలో, ఒంటరిగా ఉన్నప్పుడు, నెలల తరబడి.

ఇక డబ్బు సంగతి.

ఒకామె పొదుపు ఆగిపోయింది. ఎప్పుడూ ఆగే మనిషి కాదు, కూలికి పోయి తెచ్చిన దాంట్లోంచి ముందు పొదుపు కట్టి తర్వాత కూరగాయలు కొనుక్కునే రకం. అడిగితే ఏదో చెప్పి తప్పించుకుంది. బ్యాంకులో పాసుబుక్ ఎంట్రీ వేయిస్తే వారం వారం ఒకే మొత్తం, ఒకే పొడి అక్షరాల పేరుతో, వరసగా కింది దాకా ఉంది. 199, 199, 199. ఆ పేరు చూస్తే ఏ కంపెనీయో, దేనికో ఎవరికీ అర్థం కాదు. మేనేజరు ఏదో యాప్ ఆటోపే అన్నాడు, అంటే ఒకసారి ఒప్పుకుంటే ఖాతాలోంచి దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాటు. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడినాక అప్పుడు చెప్పింది. "మొదట ఒక్క రూపాయే అక్కా. ఒక్క రూపాయికే వారం రోజులు వినొచ్చు అంటే పిన్ కొట్టినా. యాప్ ఎప్పుడో తీసేసినా. తీసేస్తే ఆగిపోతాది అనుకున్న్యా."

యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. ఈ ముక్క మీకు తెలుసు, ఆమెకు తెలియదు, ఆ తేడా మీద మీకు వారం వారం డబ్బు వచ్చింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మొదటిసారి పిన్ కొట్టి అనుమతి ఇచ్చాక, 15 వేల రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగాల్సిన పనిలేదు. కోతకు 24 గంటల ముందు మెసేజ్ పంపాలి, అంతే. ఆ మెసేజ్ ఇంగ్లిషులో వస్తుంది. రోజుకు వచ్చే ఇరవై కంపెనీ మెసేజ్‌లలో అదొకటి.

ఆటోపే లేని యాప్‌లలో కాయిన్లు. మొదటి పది ఎపిసోడ్లు ఉచితం, పదకొండోది తాళం. పది కాయిన్లు పెడితే తెరుచుకుంటుంది. ఒక కాయిన్ అంటే ఎన్ని పైసలో లెక్క వేసుకోవాలంటే నాకే కాగితం కావాల్సి వచ్చింది, సంఘం లెక్కలు రాసే దాన్ని నేను. మొత్తం కథ ఎన్ని ఎపిసోడ్లో చెప్పరు, ఎందుకంటే అది ఇంకా రాస్తూనే ఉంటారు. జనం కొంటున్నంత కాలం ఆ పెళ్లి గదిలో తలుపు మూసే ఉంటుంది. కథ పూర్తిగా వినాలంటే ఎన్ని రూపాయలవుతుందో ఎక్కడైనా ఒక్కచోట రాసి ఉందా?

మా జిల్లా ఆడవాళ్లకు వారపు వసూళ్లు కొత్త కాదు. 2010కి ముందు సూక్ష్మరుణాల కంపెనీల ఏజెంట్లు వారం వారం ఇంటి ముందు కూర్చునేవాళ్లు. ఆ ఒత్తిడికి రాష్ట్రంలో ప్రాణాలు పోయినాక, 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్లను కట్టడి చేసింది, వసూలు ఇంటి దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు దగ్గర చేయాలంది. తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి, ఫోటోలు మార్ఫింగ్ చేసి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ పంపుతామని బెదిరించి వసూలు చేశాయి. ఈ రెంటిలోనూ ఆయుధం పరువే. ఏజెంటు వాకిట్లో కూర్చుంటే పరువు పోతుంది, ఫోటో బయటికి వస్తే పరువు పోతుంది. మీరు ఏజెంటును పంపరు, ఎవరినీ బెదిరించరు. మీకు ఆ అవసరమే లేదు.

ఆ వేపచెట్టు కింద నేను ఆమెతో అన్నాను, 1915కి ఫోన్ చేద్దాం, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, డబ్బు వెనక్కి అడుగుదాం, నేను పక్కనే ఉంటా అని. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దక్కా, ఏ యాపు, దాంట్లో ఏం ఇన్నావు అని అడుగుతారు గదా. మా ఆయనకు తెలిస్తే? నా కొడుకు పదో తరగతి. పోతే పోనీలే ఆ డబ్బు." నెల కూలీలో అంత భాగం పోతే పోనీలే అన్నది. పొదుపులో వంద రూపాయల తేడా వస్తే మీటింగులో లేచి నిలబడి నన్ను నిలదీసే మనిషి ఆమె.

నేను ఈ లేఖ రాయడానికి కారణం ఈ ఒక్క మాటే. మీరు మాకు స్వేచ్ఛ అమ్ముతున్నామంటారు. స్వేచ్ఛగా కొన్నదాని మీద మనిషి స్వేచ్ఛగా ఫిర్యాదు చేయగలగాలి. చీర రంగు దిగితే ధర్మవరం షాపువాడి ముందు చీర పరిచి గొడవ పెట్టుకుంటాం. మిక్సీ కాలిపోతే రిపేరు వాడితో కొట్లాడుతాం. మీ సరుకు ఒక్కటే, మోసం జరిగిందని తెలిసి కూడా నోరు విప్పలేనిది. మా సిగ్గు మీకు అడ్డం కాలేదు, పెట్టుబడి అయింది. ప్రకటనలో ఆ సిగ్గును గిల్లి మమ్మల్ని లోపలికి తెస్తారు, లోపలికి వచ్చాక అదే సిగ్గు మమ్మల్ని బయటికి పోనివ్వదు.

మీ దగ్గర రాసేవాళ్ల పరిస్థితి కూడా కొంత తెలుసు నాకు. మా మండలంలోనే ఒకామె రాస్తుంది, డిగ్రీ చదివి ఇంట్లో ఉండిపోయిన మనిషి, మధ్యాహ్నాలు ఫోన్‌లోనే టైప్ చేస్తుంది. మొదట అత్తాకోడళ్ల కథ ఒకటి రాసింది, చేనేత ఇల్లు, మగ్గం గుంటలో కూర్చున్న కోడలి నడుము నొప్పి, మామ అప్పులు, చాలా బాగా రాసింది. చదివేవాళ్లు వచ్చారు కానీ డబ్బు రాలేదు. అప్పుడు ఆ యాప్ నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, మేడమ్ ప్రతి మూడు భాగాలకు ఒక హాట్ సీన్ పెట్టండి, హీరో కాస్త రఫ్‌గా ఉండాలి, రీచ్ అదే వస్తుందన్నాడట. ఇప్పుడామె మాఫియా డాన్ కథ రాస్తోంది, వేరే పేరుతో. ఆ డబ్బుతో కూతురికి కోచింగ్ ఫీజు కట్టింది కాబట్టి నేను ఆమెను ఒక్క మాట అనను. కానీ ఆ మగ్గం గుంట కథ పన్నెండో భాగంలో ఆగిపోయింది. అదొక నష్టం, ఏ పాసుబుక్‌లోనూ ఎక్కనిది. ఆడవాళ్ల చేత ఆడవాళ్ల కోసం అని మీరు చెప్పుకునే మాటలో ఏది రాయాలో చెప్పేది మాత్రం ఆ కుర్రాడి చేతిలో ఉన్న గ్రాఫు.

చట్టం మీ వెంట పడుతుందన్న భయం మీకు పెద్దగా ఉన్నట్టు లేదు. 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ బూతు చూపిస్తున్నాయని 18 ఓటీటీలను బ్లాక్ చేసింది, 2025 జులైలో ఇంకో 25 యాప్‌ల మీద వేటు పడింది. అవి ఎక్కువగా మగవాళ్లకు అమ్ముకున్నవి, బట్టలు విప్పి అమ్మినవి. మీరు బట్ట విప్పకుండా అమ్మడం నేర్చుకున్నారు. నగ్నత్వం లేదు కాబట్టి యాప్ స్టోర్ నిబంధన మీకు పెద్దగా అడ్డం రావడం లేదు, రొమాన్స్ అని రాస్తారు కాబట్టి ఎవరూ తొంగి చూడరు. 2021 ఐటీ నిబంధనల్లో పెద్దలకు మాత్రమే అన్న వాటికి వయసు నమ్మకంగా నిర్ధారించుకునే ఏర్పాటు ఉండాలని ఉంది. మీ దగ్గర ఉన్నది "నాకు 18 నిండాయి" అనే బటను. పైగా మా ఇళ్లలో ఫోన్ ఒక్కటే. పగలు తల్లి చేతిలో, సాయంత్రం ఎనిమిదో తరగతి కూతురి చేతిలో, హోంవర్కు వాట్సాప్ గ్రూపులో వస్తుంది కాబట్టి. తల్లి రాత్రి ఆగి చూసినదాన్ని బట్టి మీరు పంపే ప్రకటన కూతురు సాయంత్రం చూస్తుంది. పిల్లలను గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని 2023 డేటా రక్షణ చట్టంలో రాసి ఉంది. మేము తల్లికే వేశామని మీరంటారు. ఫోన్‌కు తల్లీ కూతురూ తేడా తెలియదని మీకు తెలియదా?

ఇక్కడ ఆగి మా ఊరి మగవాళ్లకు, అన్ని ఊళ్ల మగవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఈ లేఖ చూపించి ఇంట్లో ఆడవాళ్ల ఫోన్ లాక్కునే పని పెట్టుకోకండి. టీ అంగడి వెనక నలుగురు కుర్రాళ్లు ఒక ఫోన్ మీద తలలు పెట్టి ఏం చూస్తారో ఊరంతా ఎరుగుదుం, ఎవరూ వాళ్ల ఫోన్ తీసుకోలేదు. పెద్దవాళ్లు తమ గదిలో ఒంటరిగా ఏదైనా చూసుకుంటే, అది ఇంకెవరికీ చూపనంతవరకు నేరం కాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. అది ఆడవాళ్లకూ వర్తిస్తుంది. ఈ ఫోన్ మీదనే ఆమె కువైట్‌కు మాట్లాడుతుంది, పొదుపు కడుతుంది, టమాట ధర చూసుకుంటుంది, అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తుంది. మీరు ఫోన్ లాక్కుంటారనే భయమే కదా ఆమె నోరు కట్టేసి ఈ కంపెనీలకు లాభం తెచ్చిపెట్టింది. ఆమె మీతో చెప్పుకోగలిగితే వారానికి 199 మొదటి వారంలోనే ఆగిపోయేది.

కంపెనీల వారికి మళ్లీ వస్తాను. మీ యాప్‌లు మూసేయమని నేను అడగడం లేదు. నిషేధాల సంగతి చూశాం, 2018లో 827 బూతు సైట్లను బ్లాక్ చేయమని కేంద్రం ఆదేశం ఇచ్చింది, దానివల్ల ఊళ్లలో చూడటం ఆగిందని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా. నేను అడిగేవి చేయగలిగిన పనులే. బలవంతాన్ని, దెబ్బను, ఏడుపును ప్రకటనలో ఎరగా వాడటం మానండి. కథలో చెడ్డవాడు ఉండొచ్చు, హింస ఉండొచ్చు, కథ అన్నాక అన్నీ ఉంటాయి, కానీ అడగని మనిషి కళ్ల ముందు, వంటల వీడియోకూ బ్లౌజు డిజైనుకూ మధ్య దాన్ని తెచ్చి పెట్టడం వేరు. కాయిన్లు తీసేసి రూపాయల్లో ధర పెట్టండి, కథ మొత్తానికి ఎంతవుతుందో మొదటి ఎపిసోడ్ దగ్గరే తెలుగులో రాయండి. ఒక్క రూపాయి ట్రయల్ అన్న అక్షరాలు ఎంత పెద్దగా ఉంటాయో, ఆ తర్వాత వారానికి ఎంత పోతుందో చెప్పే అక్షరాలూ అంతే పెద్దగా ఉండాలి. యాప్ తీసేసిన మనిషి దగ్గర, లేదా నెల రోజులుగా ఒక్క ఎపిసోడ్ కూడా వినని మనిషి దగ్గర డబ్బు కోయడం మీ అంతట మీరే ఆపండి, అది మీ కంప్యూటర్‌కు నిమిషం పని. ఎవరు ఎప్పుడు ఆగి చూశారో సెకన్లతో లెక్క కట్టగలిగిన మీకు, ఎవరు వినడం మానేశారో తెలియదంటే నేను నమ్మను. చేరడం సులువుగా పెట్టి బయటపడే దారిని దాచేయడాన్ని, 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను మాయచేసే యాప్ ఎత్తుగడల) మార్గదర్శకాలు నిషేధించాయి. అందులో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు అని పేరు పెట్టి మరీ రాశారు. కాబట్టి నేను దయ చూపమని అడుగుతున్నట్టు అనుకోవద్దు.

అన్నిటికంటే ముందు, ఫిర్యాదు తీసుకోవడానికి తెలుగు మాట్లాడే ఆడమనిషిని పెట్టండి. ఫోన్ నంబరు పెట్టండి, మెయిల్ ఐడీ కాదు, మా వాళ్లకు మెయిల్ రాదు. ఏ కథ విన్నావని అడగకుండా, డబ్బు ఏ తేదీన పోయిందన్నది మాత్రం అడిగి తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టండి. ఆమె ఇంట్లో ఎవరికీ తెలియకుండా మీరు అమ్మగలిగినప్పుడు, ఎవరికీ తెలియకుండా డబ్బు వెనక్కి కూడా ఇవ్వగలరు.

నా అక్కచెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, యాప్ తీసేస్తే చాలదు. మీరు డబ్బు పంపే యూపీఐ యాప్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే ఆటోపే అని ఉంటుంది. అక్కడ ఎవరెవరికి మీరు అనుమతి ఇచ్చారో వరసగా కనబడుతుంది, అక్కడే రద్దు చేయొచ్చు, ఎవరినీ అడగాల్సిన పనిలేదు. చేతకాకపోతే మీ యానిమేటర్‌ను అడగండి, ఏ యాపని అడిగితే చెప్పకండి. 1915కి చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా మిమ్మల్ని బెదిరించి డబ్బు లాగుతుంటే 1930, అది సైబర్ నేరాల నంబరు. మీరు విన్నది నేరం కాదు. వినాలనిపించడం తప్పు కాదు. మీ దగ్గర డబ్బు తీసుకున్న పద్ధతి తప్పు, ఆ తప్పు వాళ్లది.

ఆమె పాసుబుక్ మళ్లీ ఎంట్రీ వేయించాం, ఆ పేరుతో కోతలు ఆగాయి, పోయినవి తిరిగి రాలేదు. వచ్చే గ్రామ సంఘం మీటింగులో ఆటోపే గురించి అందరికీ చెప్పాలని తీర్మానం రాస్తున్నాం, ఈ లేఖ ప్రతిని రాష్ట్ర మహిళా కమిషన్‌కు, వినియోగదారుల రక్షణ అథారిటీకి పంపుతున్నాను. మీరు జవాబు ఇవ్వదలచుకుంటే తెలుగులో ఇవ్వండి. మీటింగులో అందరి ముందు చదువుతాను.

ఇట్లు,
కడప జిల్లా నుంచి ఒక యానిమేటర్